నడికుడీ, లూప్ ఇవ్వు!

మా నాన్న తంతి తపాలా శాఖలో లైన్‌మన్. పిడుగురాళ్ళ నుంచి నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల దాకా స్తంభాల వెంబడి ముప్పై ఏళ్ళకు పైగా తిరిగి 1996లో రిటైరయ్యాడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి నెట్‌వర్క్ స్విచ్చుల పనిలోకి వచ్చాను. ఆయన చేతిలో కటింగ్ ప్లయరూ టెస్ట్ ఫోనూ ఉండేవి, నా చేతిలో ల్యాప్‌టాప్ ఉంది. చేసే పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. తెగిన చోటు వెతకాలి, అది ఎవరి హద్దులో ఉందో తేల్చాలి. లైన్‌మన్ల డైరీలు ఎప్పుడో తూకానికి వెళ్ళిపోయాయి. అందుకని ఈ పని మా పల్నాడులో ఎలా మారుతూ వచ్చిందో నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

అప్పట్లో తీగలన్నీ ఆకాశంలోనే. హామిల్టన్ స్తంభాలని ఇనప గొట్టాల స్తంభాలుండేవి. వాటికి అడ్డ కమ్మీలు, కమ్మీల మీద తెల్లటి పింగాణీ కప్పులు, కప్పుల మెడకు చుట్టి కట్టిన రాగి తీగలు. రాగి తీగని మైలుకిన్ని పౌండ్లని తూకంతో లెక్కవేసేవాళ్ళు. గాలి తోలినప్పుడు స్తంభానికి చెవి ఆనిస్తే లోపల తుమ్మెద దూరినట్టు రొద వినబడేది. మా ఊరి పిల్లలందరం ఆ రొద విన్నవాళ్ళమే. గొడ్లు కాసే కుర్రాళ్ళు వడిసెలతో పింగాణీ కప్పుల మీద గురి చూసుకునేవాళ్ళు. ఆ కుర్రాళ్ళలో నేను లేకుండా మా అమ్మ కాపలా కాసేది. కప్పు పగిలితే ఎక్కాల్సింది నాన్నే మరి.

ఆ తీగలకు వచ్చే జబ్బులు మూడు. డిస్, ఎర్త్, కాంటాక్ట్. తీగ తెగినా, అతుకు తుప్పు పట్టి వదులైనా డిస్. తీగ కొమ్మకో, తడిగోడకో, స్తంభానికో తగిలి నేలకు కలిస్తే ఎర్త్. గాలికి రెండు తీగలు పెనవేసుకుంటే కాంటాక్ట్. నాన్న మీటరు తియ్యకముందే చెవితో చెప్పేవాడు. రిసీవర్‌లో పూర్తిగా నిశ్శబ్దం ఉంటే డిస్. బొయ్యిమని రొద ఉంటే ఎర్త్. పక్కవాళ్ళ మాటలు వినబడితే కాంటాక్ట్. మాచర్ల పత్తి వ్యాపారి ధర చెబుతుంటే గురజాల వకీలుగారికి వినబడిన రోజులున్నాయి.

నాలుగో జబ్బు మా ప్రాంతానిదే. పిడుగురాళ్ళ, నడికుడి చుట్టుపక్కల సున్నం బట్టీలు. ఏడాదంతా ఆ దుమ్ము లేచి పింగాణీ కప్పుల మీద పూత పూసినట్టు పేరుకునేది. ఎండాకాలం దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. తొలకరి చినుకులు నాలుగు పడ్డాయంటే ఆ సున్నప్పూత తడిసి కరెంటుకు దారి ఇచ్చేది. ఒక్క కప్పు దగ్గర కారేది కొంచెమే, అలాంటి కప్పులు వందల్లో ఉంటే ఊరూరి మాటా సన్నబడేది. దాన్ని లో ఇన్సులేషన్ అనేవాళ్ళు. జోరువాన పడితే కప్పులు కడుక్కుపోయి లైను దానంతటదే బాగయ్యేది. చినుకులు పడి ఆగిపోతేనే గొడవ. రైతులు తొలకరికి ఆకాశం వంక ఎంత ఆశగా చూసేవాళ్ళో నాన్న అంత దిగులుగా చూసేవాడు. ఆ రాత్రి ఇంట్లో నిద్ర ఉండేది కాదు. తెల్లారకముందే సైకిలు వెనక తాడు, నిచ్చెన, గుడ్డపీలికల మూట కట్టుకుని బయల్దేరేవాడు.

వెతికే పద్ధతి చెబుతాను, ఈ వ్యాసానికి అదే కీలకం. పిడుగురాళ్ళకూ మాచర్లకూ మధ్య మాట పోయిందనుకోండి. అన్ని స్తంభాలూ ఎక్కి చూడటం అయ్యే పని కాదు. దారిలో అక్కడక్కడా టెస్ట్ పోల్ ఉండేది. అక్కడ తీగను విడదీసి రెండువైపులా విడివిడిగా పరీక్ష చేయొచ్చు. నాన్న ఆ స్తంభం ఎక్కి టెస్ట్ ఫోను తగిలించి మొదట వెనక్కి పిలిచేవాడు, తర్వాత ముందుకు. ఏ వైపు పలకలేదో ఆ వైపే రోగం. ఆ వైపు సగం దూరంలో ఇంకో టెస్ట్ పోల్. అలా సగం, సగంలో సగం కోసుకుంటూ వెళ్తే పదో పదిహేనో స్తంభాల మధ్య తేలేది.

స్తంభం ఎక్కే ముందు ఇంకో పరీక్ష ఉంది. ఇటు చివర ఉన్నవాడు అటు చివర ఉన్నవాడికి "నడికుడీ, లూప్ ఇవ్వు!" అని కేకవేసేవాడు. నడికుడిలో ఉన్న మనిషి రెండు తీగలనూ కలిపి ముడి పెట్టేవాడు. అంటే ఒక తీగ మీద వెళ్ళిన కరెంటు రెండో తీగ మీద వెనక్కి రావాలి. వచ్చిందంటే నడికుడి దాకా లైను బాగున్నట్టే. ఎక్స్ఛేంజిలో టెస్ట్ డెస్క్ దగ్గర కూర్చున్నాయన బ్రిడ్జి మీద దాని నిరోధం కొలిచి, ఎర్త్ ఎన్ని మైళ్ళ దూరంలో ఉందో లెక్కకట్టి చెప్పేవాడు. పక్క లైను బాగుండి అది పలికితే దాని మీద, లేకపోతే రైల్వే స్టేషన్ నుంచి కబురు పెట్టి లూప్ అడిగేవాళ్ళు. పరీక్ష అయ్యాక ఆ ముడి విప్పడం మరిచిపోతే మళ్ళీ లైను చచ్చినట్టే. మరిచిపోయిన లూప్‌ల మీద మా ఇంట్లో భోజనాల దగ్గర నడిచిన తగాదాలు అన్నీ ఇన్నీ కావు. లూప్ అనే మాట నేను చదువుకున్నది కాదు, అన్నం తింటూ విన్నది.

1985లో తంతి తపాలా శాఖ రెండుగా విడిపోయి టెలిఫోన్లు టెలికాం శాఖ కిందికి వెళ్ళాయి. అంతకు ముందు ఏడాది, 1984లో, సీ-డాట్ పుట్టింది. ఆ సంస్థ తయారుచేసిన 128 పోర్టుల పల్లె ఎక్స్ఛేంజి ఏసీ లేకుండా నడిచేది. రెంటచింతల ఎండ తెలిసినవాళ్ళకి ఆ ఒక్క గుణం ఎంత విలువైనదో చెప్పక్కర్లేదు. ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి, 180కి ఫోన్ చేసి ట్రంక్ కాల్ బుక్ చేసుకుని గంటలకొద్దీ కూర్చోవడం పోయింది. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడింది. ఇదంతా చాలామందికి తెలిసిందే. మా పనికి సంబంధించి అసలు మలుపు వేరే ఉంది. రాగి తీగ పోయి గాజు తీగ వచ్చింది, దాని చివర ఎస్‌డీహెచ్ అనే పరికరం కూర్చుంది.

ఎస్‌డీహెచ్ 1988లో ప్రపంచ టెలికాం ప్రమాణంగా స్థిరపడింది. దాన్ని టెలిఫోన్ ఇంజినీర్లు టెలిఫోన్ కోసమే కట్టారు కాబట్టి తెగితే చెప్పే గుణం పుట్టుకతోనే పెట్టారు. మాట్లాడేవాళ్ళు ఉన్నా లేకపోయినా సెకనుకు 8,000 ఫ్రేములు ఆగకుండా నడుస్తూనే ఉంటాయి. ఆ ప్రవాహం ఆగిందంటే మరుక్షణం ఎర్ర దీపం. వెనక తెగితే ముందున్న పరికరాలకు "పైన తెగింది, మీరు కంగారు పడకండి" అని ఒక సంకేతం, అవతలివాడికి "నీ మాట నాకు అందడంలేదు" అని ఇంకో సంకేతం. ఒక దారి పోతే 50 మిల్లీసెకన్లలో రెండో దారి పట్టేది. నాన్న రిటైరవడానికి ముందు ఆ పరికరం ఉన్న గదిలోకి నన్ను తీసుకెళ్ళి ఆ దీపాలు చూపించాడు. "ఇది దానంతటదే అరుస్తుందిరా, మనం చెవి పెట్టక్కర్లేదు" అన్నాడు. ఆ మాటలో సంతోషం ఎంతో, దిగులూ అంతే.

తర్వాత ఈథర్నెట్ వచ్చింది. 1973లో అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఒకే భవనంలో ఉన్న కంప్యూటర్లను కలపడానికి దాన్ని తయారుచేశారు. ఒక ఇంటి పెరట్లోని మొక్కకు పొలం గట్టు అక్కర్లేదు కదా. కేబుల్ ఊడితే లేచి వెళ్ళి పెట్టుకుంటారు, అంతే. అందుకని తెగిన చోటు చెప్పే ఏర్పాటు అందులో పెట్టలేదు. అది చవక, వేగం ఎక్కువ, అందరికీ తెలిసినది. 2000 తర్వాత టెలికాం కంపెనీలు దాన్నే ఊళ్ళ మధ్యకు తెచ్చాయి. ఎస్‌డీహెచ్ పెట్టెలు ఒక్కొక్కటే తీసేసి ఈథర్నెట్ స్విచ్చులు పెడుతుంటే పాతకాలపు ఇంజినీర్లు ఆ చెప్పే గుణం గురించే అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమే.

ఆ లోటు ఎలా ఉండేదో నేను చూసిన ఒక రోజు చెబుతాను. మాచర్లలో మా ఖాతాదారు ఒకరికి నరసరావుపేట నుంచి లైను. మధ్యలో కొంత దూరం ఇంకో సంస్థ దగ్గర అద్దెకు తీసుకున్న ఫైబర్. మాచర్ల చివర స్విచ్చుకూ ఫైబర్‌కూ మధ్య మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టె. పొద్దున ఎనిమిదింటికి రోడ్డు పనిలో పొక్లెయిన్ దెబ్బకు ఫైబర్ తెగింది. కన్వర్టర్ ఫైబర్ వైపు చచ్చిపోయినా స్విచ్చు వైపు బతికే ఉంది, కాబట్టి స్విచ్చు మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. నా తెర మీద అంతా పచ్చగానే ఉంది. ఖాతాదారు ఫోన్ చేస్తే "సార్, లైను బాగానే ఉందండీ, మీ కంప్యూటర్ ఒకసారి చూసుకోండి" అన్నాను. అద్దెకిచ్చిన సంస్థ వాళ్ళు "మా హద్దులో ఏం లేదు" అన్నారు. వాళ్ళ దగ్గర కూడా పచ్చ దీపమే మరి. మధ్యాహ్నం రెండింటికి మనిషి బండి మీద వెళ్ళి, తెగి వేలాడుతున్న కేబుల్ కంటితో చూసి ఫోన్ చేశాడు. ఆరు గంటలు. ఆ రోజు నేను ఒక నిజాయితీపరుడితో ఆయన మాట తప్పని చెప్పాను. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

నాకు ఎదురైన ఈ చిక్కే ప్రపంచమంతా ఉంది. దానికి మందు మూడు విడతలుగా వచ్చింది. 2004లో ఐ-ట్రిపుల్-ఈ సంస్థ 802.3ఏహెచ్ అనే ప్రమాణం తెచ్చింది. అది ఒక్క కేబుల్‌కు, అంటే పక్కపక్కనే ఉన్న రెండు పరికరాల మధ్య వరకే. కరెంటు పోయి పరికరం ఆరిపోయేటప్పుడు కొన ఊపిరితో "పోతున్నాను" అని చెప్పే సంకేతం కూడా అందులో ఉంది. కరెంటు కోత నాడు ఫైబర్ తెగిందా, పెట్టె ఆరిందా అని తేల్చేది అదే. 2006లో ఐటీయూ వై.1731 అనే ప్రమాణం తెచ్చింది. 2007లో ఐ-ట్రిపుల్-ఈ 802.1ఏజీ తెచ్చింది. ఈ 802.1ఏజీనే మేం సీఎఫ్ఎం అంటాం. ఊరి నుంచి ఊరికి, మధ్యలో ఎన్ని స్విచ్చులున్నా, ఎన్ని సంస్థలున్నా మొత్తం దారిని కాపలా కాసేది అది. కాపలా భాగం రెండు ప్రమాణాల్లోనూ దాదాపు ఒకటే. వై.1731లో దానికి తోడు ఆలస్యం ఎంత, నష్టం ఎంత అని కొలిచే పద్ధతులు కూడా ఉన్నాయి.

2009లో ఒక రాత్రి మా ఇంట్లో కూర్చుని మొదటిసారి సీఎఫ్ఎంని సొంతంగా పెట్టాను. నాన్నకు నిద్ర పట్టక పక్కన మంచం మీద కూర్చున్నాడు. నేను ఒక ఆదేశం కొట్టాను. ఐదు వరసలు వెనక్కి వచ్చాయి.

"ఏంటబ్బాయ్ అది?"

"లూప్‌బ్యాక్ నాన్నా. మాచర్ల స్విచ్చుకు ఒక ఫ్రేము పంపాను, అది వెనక్కి తిప్పి పంపింది. ఐదు పంపితే ఐదూ వచ్చినై."

"అక్కడ ముడి పెట్టిందెవరు?"

"ఎవరూ లేరు. ఆ స్విచ్చే జవాబిస్తుంది."

"ముడి విప్పక్కర్లేదా?"

"ముడే లేదు నాన్నా. మామూలు ట్రాఫిక్ దాని పాటికది పోతూనే ఉంటుంది."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మధ్యలో ఎక్కడుందో చెప్పుద్దా?" అని అడిగాడు. లింక్‌ట్రేస్ అనే ఆదేశం కొట్టాను. దారిలో ఉన్న ఒక్కో స్విచ్చు పేరు పలుకుతూ వచ్చింది. పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల, రెంటచింతల, మాచర్ల. తాను ఎక్కిన టెస్ట్ పోల్ ఊళ్ళు అదే వరసలో తెర మీద చూసి ఆయన లేచి నిలబడ్డాడు.

సీఎఫ్ఎంలో గుండెకాయ సీసీఎం అనే చిన్న సందేశం. లైను రెండు చివర్లా ఒక్కో కాపలాదారు ఉంటాడు. అతని పేరు మెప్. ప్రతి మెప్ నిర్ణీత సమయానికి ఒకసారి "నేనున్నాను" అని ఒక ఫ్రేము వదులుతూ ఉంటుంది. దానికి జవాబు అక్కర్లేదు. అవతలి చివర దాన్ని వింటూ ఉంటుంది, తన వంతు తానూ పంపుతూ ఉంటుంది. మూడున్నర విరామాలు గడిచినా వినబడకపోతే దారి తెగిందని ప్రకటిస్తుంది. ఒకటీ రెండూ దారిలో పోయినంత మాత్రాన కంగారు పడదు. నాన్న కూడా మూడుసార్లు రింగు ఇచ్చి గానీ డిస్ అని డైరీలో రాసేవాడు కాదు. పల్నాటి కథ తెలిసినవాళ్ళకు ఇందులో వింత ఏమీ ఉండదు. గురజాలకు రాయబారం వెళ్ళిన అలరాజు తిరిగి రాలేదు. ఆ రాకపోవడమే కబురు.

ఇక ఒక మెప్ అవతలి మాట వినలేనప్పుడు తన సందేశంలోనే ఆర్‌డీఐ అనే గుర్తు పెట్టి పంపుతుంది. "నా మాట నీకు అందుతోంది, నీ మాట నాకు అందడంలేదు" అని దానర్థం. జత ఫైబర్‌లో ఒక్క పోగు తెగినప్పుడు ఇదే పట్టిస్తుంది. ఆ మాచర్ల కన్వర్టర్ రోజు సీఎఫ్ఎం ఉండి ఉంటే, పచ్చ దీపం ఎంత వెలిగినా నాలుగు సెకన్లలో నాకు తెలిసిపోయేది.

హద్దుల సంగతి చెప్పాలంటే మాకు సాగర్ కుడి కాలువ ఉంది, దాన్ని మించిన పోలిక లేదు. పెద్ద కాలువ, దాని మీద మేజర్, మేజర్ మీద మైనర్, చివర పంట బోదె. లస్కర్ తన మేర తూములు చూసుకుంటాడు. బోదె చివర రైతు తన మడికి నీళ్ళొచ్చాయా అని చూసుకుంటాడు. ఎవరి కొలబద్ద వాళ్ళది. సీఎఫ్ఎంలో 0 నుంచి 7 దాకా ఎనిమిది లెవల్స్ పెట్టారు. మామూలుగా 0, 1, 2 తీగ ఉన్న సంస్థకు, 3, 4 సేవ అమ్మే సంస్థకు, 5, 6, 7 ఖాతాదారుకు. పై లెవల్ సందేశం కింది లెవల్ కాపలాదారుల మధ్య నుంచి తాకకుండా సాగిపోతుంది. కింది లెవల్ సందేశం తన గట్టు దాటి బయటికి పొర్లదు. ఖాతాదారు లెవల్‌లో తెగి, మా లెవల్‌లో తెగి, అద్దె సంస్థ లెవల్‌లో కూడా తెగినట్టు కనిపిస్తే తప్పు ఆ అద్దె ఫైబర్ మీదే. ఖాతాదారు లెవల్ ఒక్కటే తెగి మా లెవల్ బతికి ఉంటే చూడాల్సింది ఆయన గదిలో. ఆ మాట అప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు. మధ్యలో మిప్ అని ఉంటాయి. అవి అడిగితే పలుకుతాయి, తమంతట తాము ఏమీ పంపవు. లూప్‌బ్యాక్‌కూ లింక్‌ట్రేస్‌కూ ఊరి పేరు చెప్పేవి అవే.

పెట్టే పని పెద్దదేం కాదు కానీ శ్రద్ధ కావాలి. డొమైన్‌కు ఒక పేరు, లెవల్. దాని కింద కాపలా జట్టుకు ఒక పేరు, ఆ సేవ నడిచే వీలాన్. తర్వాత మెప్‌కు 1 నుంచి 8191 లోపు ఒక నంబరు, అది ఏ పోర్టు మీద, ఏ దిక్కుకు ముఖం పెట్టి కూర్చోవాలి అన్నది. బయట ఫైబర్ వైపు చూస్తే డౌన్ మెప్, స్విచ్చు లోపలి వైపు చూస్తే అప్ మెప్. దిక్కు తప్పితే సందేశాలు వేరే గుమ్మం వైపు పోతాయి. తర్వాత విరామం, చివరగా అవతల ఉండాల్సిన మెప్‌ల పట్టీ. ఆ పట్టీ రాయకపోతే చాలా స్విచ్చుల్లో అవతలివాడు అసలు ఎప్పుడూ రాకపోయినా అలారం రాదు, ఎందుకంటే ఎవరి కోసం ఎదురుచూడాలో దానికి తెలీదు.

పేర్లు రెండు చివర్లా అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకసారి నేను ఇటు చివర నడికుడిని ఇంగ్లీషులో చివర ‘ఐ’ పెట్టి రాశాను, అటువైపు కుర్రాడు రైల్వే బోర్డు చూసి ‘ఈ’ పెట్టి రాశాడు. లైను బ్రహ్మాండంగా ఉంది, అలారం మాత్రం మోగుతోంది. ఇంకెవరిదో లైను వచ్చి దీంట్లో కలిసిందని ఆ స్విచ్చు అనుకుంది. నాన్నకాలంలో అయితే కాంటాక్ట్ అనేవాళ్ళు. దాని తప్పేం లేదు, పేరు వేరైతే మనిషి వేరే అనుకోవడమే దాని ధర్మం.

విరామం విషయంలో తొందరపడకూడదు. 3.33 మిల్లీసెకన్ల నుంచి 10 నిమిషాల దాకా ఏడు రకాలున్నాయి. 3.33 అంటే సెకనుకు 300 సందేశాలు. ఊళ్ళను వలయంగా కలిపే రింగులో దారి మార్చడానికి, 50 మిల్లీసెకన్ల లోపు పని జరగడానికి అది కావాలి, అయితే హార్డ్‌వేర్‌లోనే లెక్కపెట్టగల స్విచ్చు ఉండాలి. చిన్న స్విచ్చు మీద పెడితే దాని బుర్ర ఆ సందేశాలు లెక్కపెట్టడంలోనే సరిపోయి, బాగున్న లైను తెగిందంటుంది. పల్లెలో చివరి స్విచ్చుకు ఒక సెకను చాలు. రెండు చివర్లా ఒకే విరామం ఉండాలన్నది మాత్రం మరిచిపోవద్దు.

తెగడం ఒక జబ్బయితే సన్నబడటం ఇంకో జబ్బు. సున్నప్పూత తడిసినట్టు. దానికి వై.1731 కొలతలు. ఆలస్యం కొలిచే ఫ్రేము బయల్దేరేటప్పుడు గడియారం చూసి సమయం రాసుకుంటుంది. అవతల చేరినప్పుడూ అక్కడ నుంచి బయల్దేరినప్పుడూ ఆ స్విచ్చు తన సమయం రాస్తుంది. వెనక్కి వచ్చాక, అవతల ఆగిన సేపు తీసేస్తే మిగిలింది దారి సమయం. రెండు గడియారాలు కలవకపోయినా రానుపోను లెక్క సరిగ్గానే వస్తుంది. ఫైబర్‌లో వెలుతురు కిలోమీటరుకు దాదాపు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ఈ ఒక్క అంకె మనసులో ఉంచుకుంటే ఆలస్యం చూసి దూరం చెప్పొచ్చు.

కోటప్పకొండ తిరునాళ్ళకు ఇది నాకు ఉపయోగపడింది. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎనభై, తొంభై అడుగుల ప్రభలు వస్తాయి. ప్రభ వచ్చే దారిలో కరెంటు తీగలు విప్పుతారు, స్తంభాల మీద వేసుకున్న ఫైబర్ కేబుళ్ళు కూడా దించుతారు. మా నాన్న ఉద్యోగంలో ఉండగా ఇటు డ్యూటీ పడితే తీగలు దించి, ప్రభకు దండం పెట్టుకుని, అది దాటాక మళ్ళీ కట్టి వచ్చేవాడు. మా రింగు గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి మీదుగా ఉండేది. ఒక ఏడాది ప్రభల రాత్రి నరసరావుపేటకూ చిలకలూరిపేటకూ మధ్య కేబుల్ దించగానే ట్రాఫిక్ సత్తెనపల్లి వైపు తిరిగింది. ఎవరి ఫోనూ తెగలేదు. చిలకలూరిపేటకు కొలిచే ఆలస్యం మాత్రం 700 మైక్రోసెకన్లు పెరిగింది. రానుపోను కాబట్టి సగం చేసి 5తో భాగిస్తే 70 కిలోమీటర్లు. చుట్టు తిరిగిన దారిలో నేరు దారికంటే ఎక్కువైన దూరం ఇంచుమించు అంతే.

తిరునాళ్ళ అయిపోయింది. కేబుల్ మళ్ళీ కట్టారు, ఆలస్యం పాత అంకెకు వచ్చింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. రెండో రోజు నష్టం లెక్క చూస్తే వెయ్యికి నాలుగైదు ఫ్రేములు పోతున్నాయి. సీసీఎంలు బాగానే నడుస్తున్నాయి, ఎందుకంటే వెయ్యికి నాలుగు పోతే వరసగా మూడు పోవడం దాదాపు జరగదు. ఖాతాదారులెవరూ ఇంకా ఏమీ అనలేదు. ఫైబర్‌లో వెలుతురు ఎక్కడ తగ్గుతోందో చూపే ఓటీడీఆర్ పెట్టి చూస్తే దించి కట్టిన చోటే వెలుతురు పడిపోతోంది. వెళ్ళి చూశాం. స్తంభం దగ్గర మిగులు కేబుల్‌ను చిన్న చుట్టగా చుట్టి తీగతో బిగించి కట్టారు. గాజు తీగ మరీ చిన్న మలుపు తిరిగితే వెలుతురు బయటికి కారిపోతుంది. ముడి విప్పి రెండు జానల వెడల్పు చుట్టగా మార్చి కట్టాం. నష్టం సున్నా అయింది. కట్టినవాళ్ళది తప్పని నేననను. అర్ధరాత్రి జనంలో, నిచ్చెన మీద, టార్చి వెలుగులో కట్టిన చుట్ట అది.

ఇప్పుడు పల్నాడులో ఫైబర్ చాలా భాగం స్తంభాల మీదే ఉంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టూ, టీవీ, ఫోనూ ఇచ్చే పథకంగా మొదలైంది. దాని నిఘా కేంద్రం విశాఖపట్నంలో పెట్టారు, చివరి మైలు ఊరి కేబుల్ ఆపరేటర్లది. స్తంభాల మీద వెయ్యడం మా నేలకు తగిన పనే అని నా అభిప్రాయం. అడుగు తవ్వితే నాపరాయి తగిలే చోట గాడి తవ్వుకుంటూ వెళ్తే ఎన్నేళ్ళు పట్టేదో. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఆఫీసులు, ఆసుపత్రులు, సెల్ టవర్లు ఇంకా పెరిగాయి, అన్నిటికీ ఆధారం ఆ తీగే. అంటే నాన్నకాలం నాటి గాలి, కొమ్మ, కోతి, ప్రభ, లారీ మీద ఎత్తుగా కట్టిన బోరెం బస్తాలు, అన్నీ మళ్ళీ మన లెక్కలోకి వచ్చాయి. ఆయనకు తోడు టెస్ట్ పోల్ ఉండేది. మనకు తోడు సీఎఫ్ఎం ఉండాలి.

చాలాచోట్ల అది లేదు. స్విచ్చులో ఉంది, ఎవరూ పెట్టలేదు. నేను వెళ్ళిన ఎన్నో గదుల్లో ఆ స్విచ్చు మూడేళ్ళుగా, నాలుగేళ్ళుగా ఆ గుణాన్ని కడుపులో పెట్టుకుని ఊరకే కూర్చుని ఉంది. లైను పోయినప్పుడు ఇప్పటికీ ముందు ఖాతాదారే ఫోన్ చేస్తున్నాడు, ఇప్పటికీ "మీ కంప్యూటర్ చూసుకోండి" అనే మాటే వింటున్నాడు.

నరసరావుపేట, మాచర్ల, గురజాలలో ఈ పనిలో ఉన్న తమ్ముళ్ళకూ, ఊళ్ళలో కేబుల్ నడుపుతున్న అన్నలకూ ఒక మాట. మీ స్విచ్చు పుస్తకంలో సీఎఫ్ఎం ఉందేమో చూడండి. ఉంటే ఈ వారమే ఒక లైనుకు పెట్టండి. లెవల్ ఎవరికి ఏది అన్నది పక్క సంస్థతో కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఊళ్ళ పేర్లు ఎలా రాయాలో ముందే ఒప్పుకోండి. లైను బాగున్నప్పుడే ఆలస్యం అంకె ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, చెడిన రోజు పోల్చుకోవడానికి అదే కావాలి. ఒక్కో చివర కొట్టాల్సింది పదీ పన్నెండు వరసలు. శివరాత్రికి ముందే పెట్టండి.